గంట నాలిక అతికించిన పెళ్లికూతురు

నా పెళ్లికి వచ్చిన జనంలో సగం మంది ఏడుస్తూ వచ్చారు. ఆనందబాష్పాలు అనుకునేరు, కాదు. గుండెలు బాదుకుంటూ, ముక్కులు చీదుకుంటూ వచ్చారు. కొంతమందైతే పూలదండలు పట్టుకుని మరీ వచ్చారు. ఆ దండలు నాకు కాదు, పెళ్లికొడుక్కూ కాదు. ఇంత ఘనకార్యానికి కారణం ఎవరంటారా? ఇప్పుడు మీకు తీరిగ్గా ఈ కథ చెప్తున్న నేనే. అందుకు నేను వాడిన ఆయుధం రెండు చిన్న ట్యూబుల జిగురు.

డెబ్బైల చివర్లో మాట. మాది ఆళ్లగడ్డకు ఆనుకుని ఉన్న పల్లె. నాయన బడిపంతులు. నేను నంద్యాల హాస్టల్లో ఉండి బీయస్సీ చదువుకుని వచ్చాను. మా వీధిలో అంత చదువు చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఇంట్లో ఏ సామాను చెడిపోయినా నా దగ్గరికే వచ్చేది. రాకపోతే నేనే దాని దగ్గరికి వెళ్లేదాన్ని. కిరసనాయిలు స్టవ్వు, గొడుగు పుల్లలు, గడియారం, ట్రాన్సిస్టరు, అన్నీ నా చేతి వైద్యం చవిచూసినవే. కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. బతికినవాటినే నేను లెక్కలోకి తీసుకునేదాన్ని.

ఆ జిగురు నంద్యాలలో ఇనుప సామాన్ల అంగట్లో కొన్నాను. ఒక ట్యూబులోది రెండో ట్యూబులోదానితో సమంగా కలిపి పూస్తే తెల్లారేసరికి రాయిలాగా గట్టిపడుతుంది. ముందు నాయన కళ్లద్దాల కాడకు పూశాను, పట్టుకుంది. తర్వాత అమ్మ కుట్టుమిషను తిప్పే పిడికి పూశాను, అదీ పట్టుకుంది. దాంతో ఈ భూమ్మీద విరిగినది ఏదైనా సరే నా ముందు పెడితే అతుక్కుని తీరుతుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఇంట్లో ఏదైనా చప్పుడుతో కింద పడితే అమ్మ "అయ్యో" అనేది, నేను "ఏది, ఏది?" అని సంతోషంగా పరిగెత్తేదాన్ని.

ఇంతలో నాకు నంద్యాల సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు పేరు సుధాకర్, సున్నిపెంటలో డ్యాం దగ్గర ఉద్యోగం. సంబంధం చూసింది మా ఊరి పెద్ద దానియేలు తాత. ఈయన పెళ్లికొడుకు తల్లి గ్రేసమ్మకు చిన్నాయన అవుతాడు. వానలు పడినప్పటి నుంచి మంచం మీదనే ఉన్నాడు గానీ, మంచం మీద నుంచే అన్నీ నడిపించే రకం.

గ్రేసమ్మగారిని ఒక్కసారి చూస్తే మరిచిపోరు. మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు. నిశ్చితార్థం నాడు మా ఇంట్లో కాఫీ తాగుతూ నాయనను అడిగింది.

"ఏం సారూ, మీ చర్చికి గంట ఉండాదా? మా నంద్యాల గంట కొడితే ఊరవతలికి ఇనపడతాది."

నాయనకు రోషం వచ్చింది. "ఉండాదమ్మా. మీ బండి ఊరి పొలిమేర దాటుతానే మోగిస్తాం. మీరు దిగేదాకా ఆపం, సూడండి."

మా గంట నిజంగానే మంచి గంట. చర్చి పక్కన రెండు రాతి కంబాల మధ్య వేలాడుతూ ఉండేది. తాడు లాగితే గంట ఊగుతుంది, లోపలి ఇనుప నాలిక అటూ ఇటూ కొట్టుకుని మోగుతుంది. సరిగ్గా పెళ్లికి ముందు ఆదివారం, మా ఏసోబు మామ తాడు లాగుతుండగా, ఆ నాలిక పైన కొక్కెం దగ్గర పుటుక్కున విరిగి ఆయన కాళ్ల ముందు పడింది. ఏసోబు మామ చర్చి ఊడుస్తాడు, దీపాలు పెడతాడు, గంట కొడతాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఈ సుగుణమే.

నాయన ఆ రెండు ముక్కలూ సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ వెల్డింగు షాపుకు పోయి, మళ్లీ ఆ రెండు ముక్కలూ సంచిలో వేసుకుని తిరిగొచ్చాడు. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నాయన సంచి పక్కన కూలబడ్డాడు.

"గ్రేసమ్మకు మాటిచ్చినా. ఇప్పుడు ఏం మోగిచ్చాల? నా తలకాయ మోగిచ్చాల్నా?"

నా కళ్లు సంచి మీదనే ఉన్నాయి. "ఇట్లియ్యి నాయనా. నేను అతికిస్తా."

"ఇవి కళ్లద్దాలు కాదు పాపా. చేతికి బరువుగా ఉండే ఇనుము."

"ఇనుమైతే ఏంది? అద్దాలో ఇనుమో జిగురుకు తెలుస్తాదా?"

"దానికి తెలియదులే. నెత్తిన పడినోనికి తెలుస్తాది."

వంటింట్లో నుంచి అమ్మ అందుకుంది. "గోరింటాకు పెట్టుకోవాల్సిన పిల్ల జిగురు పూసుకుంటాంది! అత్తగారింటికి పోయి ఏమి అతికిస్తావే? వాళ్ల నోర్లా?"

"అవసరమైతే అవీ అతికిస్తా" అన్నాను. అంత ధైర్యం ఉండేది ఆ రోజుల్లో నాకు.

విరిగిన చోట గరుకు కాగితంతో రుద్దాను. కిరసనాయిలుతో జిడ్డు తుడిచాను. జిగురు కలిపి పట్టించి, సన్న తీగతో బిగించి కట్టి, మిద్దె మీద ఎండలో పెట్టాను. కాకి వాలకుండా పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాను. పెళ్లికూతురు నల్లబడిపోతుందని అమ్మ మెట్ల దగ్గర నిలబడి కేకలు వేసింది. మర్నాడు దాన్ని పశువుల కొట్టంలో దూలానికి వేలాడదీసి, కింద గంపెడు రాళ్లు కట్టాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేలాడింది. ఊడలేదు. నాయనను పిలిచి చూపించాను. ఆయన దూరం నుంచే చూసి, "నువ్వు బీయస్సీ చదివినందుకు ఇదొకటన్నా పనికొచ్చింది" అన్నాడు. నాకు రెక్కలొచ్చాయి.

అయినా నేను శాస్త్రం చదివిన మనిషిని కదా, ఆలోచించాను. బరువు మోయడం వేరు, దెబ్బ తట్టుకోవడం వేరు. గబగబా దెబ్బ మీద దెబ్బ పడితే అతుకు అదిరిపోతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య దానికి కొంచెం విశ్రాంతి ఇవ్వాలి. ఎంత చక్కని ఆలోచనో చూడండి. ఇందులో మీరు తప్పు పట్టగలరా? ఆ రోజు మా ఇంట్లో కూడా ఎవరూ పట్టలేదు. ఎందుకంటే నేనెవరికీ చెప్పలేదు, ఒక్క ఏసోబు మామకు తప్ప.

"మామా, నాలిక అతికిచ్చినా. పెళ్లినాడు గబగబా కొట్టగాకు. ఒక్క దెబ్బ కొట్టు. ఆగు. గంట ఊగేది పూర్తిగా నిలబడినాక ఇంకొక దెబ్బ."

"అట్లే పాపా. ఎంత నిదానంగా కావాలంటే అంత నిదానంగా కొడతా."

"ఎవురొచ్చి తొందర పెట్టినా తొందర పడొద్దు. ఎవురు ఆపమన్నా ఆపొద్దు."

"మీ నాయన చెప్పినా?"

"మా నాయన చెప్పినా."

పెళ్లినాటి ఉదయం నాకు తెల్ల చీర కట్టి, ముసుగు సర్ది, అమ్మ జడలో పూలు పెడుతోంది. నంద్యాల నుంచి పెళ్లివారి లారీ వస్తోందని వీధిలో కేక వినిపించింది. వెంటనే చర్చి వైపు నుంచి గంట మోగింది.

ఠంగ్.

గుండెల్లోకి దిగిపోయే మోత. తర్వాత నిశ్శబ్దం. మోత పూర్తిగా అణిగిపోయాక మళ్లీ, ఠంగ్.

నాకు ఒళ్లు పులకరించింది. "ఇన్న్యావా అమ్మా! ఎట్ల పట్టుకుందో సూడు నా జిగురు!"

అమ్మ చేతిలో పూలు అట్లాగే ఆగిపోయాయి. ముఖం పాలిపోయింది.

"ఎవురే పోయింది?"

"పోవడమేంది?"

"సావు గంట గదే అది!"

మా ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ సంగతి తెలుసు. ఆదివారం గంట గబగబా మోగుతుంది, పెళ్లి గంట ఇంకా గబగబా మోగుతుంది. ఎవరైనా కాలం చేస్తే మాత్రం ఒక్క దెబ్బ కొట్టి, ఆగి, మళ్లీ ఒక్క దెబ్బ కొడతారు. అది వింటే చేలల్లో ఉన్నవాళ్లు కూడా చేతిలో పని వదిలేసి వచ్చేస్తారు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను ఆ గంటను. కానీ నా బుర్ర నిండా అతుకు, దెబ్బ, విశ్రాంతి తప్ప ఇంకేమీ లేకపోయె!

"నాయనా, ఆపిచ్చు!" అని అరిచాను. నాయన పట్టు పంచె ఎగ్గట్టి చర్చి వైపు పరిగెత్తాడు.

"ఆపు ఏసోబూ! ఆపు!"

"లేదు సారూ. సరోజమ్మ ఎవురు చెప్పినా ఆపొద్దనింది. మీరు చెప్పినా ఆపొద్దనింది." ఠంగ్.

"ఆ సరోజమ్మే ఆపమంటాంది!"

"అట్లయితే సరోజమ్మనే వచ్చి చెప్పమను." ఠంగ్.

నాయన ఆయన చేతిలోని తాడు లాక్కునే సరికి జరగాల్సింది జరిగిపోయింది. పోయిందెవరని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు కదా! మంచాన ఉన్నది దానియేలు తాత ఒక్కడే. ఊరంతా ఆయన ఇంటి వైపు నడిచింది. పొలిమేర దగ్గర పెళ్లివారి లారీని ఎవరో ఆపి, "దానియేలు తాత పోయినాడంటమ్మా" అని చెప్పారు. గ్రేసమ్మగారు లారీలోనే శోకాలు మొదలుపెట్టింది. వెంట వచ్చిన బ్యాండు వాళ్లు మాత్రం ఏమీ తడబడలేదు. వాళ్లకు రెండు రకాల పాటలూ వచ్చు. పాట మార్చుకున్నారు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. కానీ మా ఊరివాళ్లు ఏళ్ల తరబడి నటించి చూపించారు కాబట్టి చూసినట్టే చెప్పగలను. దానియేలు తాతకు ఆ రోజు కొంచెం కులాసాగా ఉంది. పెళ్లికి పోదామని కొత్త చొక్కా వేసుకుని, అరుగు మీద మంచంలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. గంట విని, "పాపం, ఎవురో పోయినట్టుండారే, అదీ పెళ్లినాడు" అని నొచ్చుకున్నాడు కూడా. అంతలో వీధి మలుపులో బ్యాండు, వెనకాల దండలు, అందరికన్నా ముందు గ్రేసమ్మగారు.

"నన్నిడిసి పోతివా చిన్నాయనా!" అని వచ్చి మంచం కోడు పట్టుకుని కూలబడింది.

"యాడికీ పోలేదు గదమ్మా."

"నా బిడ్డ పెళ్లి సూడకుండానే పోతివా నాయనా!"

"పోతాండా. కాఫీ తాగి పోదామని కూచున్నా."

ఏడుపు ఊపులో ఉన్న మనిషి కదా, ఇంకో రెండు శోకాలు పెట్టాక గానీ తల ఎత్తలేదు. ఎత్తి చూసింది. చిన్నాయన కాఫీ లోటా పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు.

అప్పటిదాకా ఉన్న దుఃఖమంతా ఒక్కసారిగా కోపమైపోయింది. "పెళ్లినాడు సావు గంట కొట్టిస్తారా? ఇదేనా మాకు చేసే మర్యాద? తిప్పండి లారీ!"

చర్చి అయ్యగారు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, మనకు శకునాలు లేవు."

"శకునం కాదు అయ్యగారూ, పరువు! ఈ పొద్దు జరిగింది మా ఆడబిడ్డ నంద్యాలంతా టముకేస్తాది."

నాయన చేతులు జోడించాడు. "నాలిక ఇరిగింటే అతికిచ్చినామమ్మా. ఊడుతాదేమోనని నిదానంగా కొట్టినారు. అంతే."

"ఎవురు అతికిచ్చింది?"

అంత వరకు బడిలో పిల్లలకు నిజమే చెప్పాలని పాఠాలు చెప్పిన మా నాయన, గొంతు సవరించుకుని, "ఎవరో ఆళ్లగడ్డ మేస్త్రీ" అన్నాడు.

"ఆ మేస్త్రీ నా కండ్లబడనీ! వాని చేతి నీళ్లు గూడా తాగను నేను!"

లేని మేస్త్రీని ఆమె చాలాసేపు తిట్టింది. చివరికి దానియేలు తాతే కర్ర పట్టుకుని లేచి, "సచ్చినోన్ని నేనే పెళ్లికి పోతాండా, నీకేమైందే? పద" అన్నాడు. ఆయన మాట కాదనలేక గ్రేసమ్మగారు చర్చికి వచ్చింది. వచ్చి ముందు వరసలో కూర్చుంది. ముఖం మాత్రం లారీ వైపే ఉంది.

ఇదంతా అమ్మ నా చెవిలో ఊది, "నోరు మూసుకోని తాళి కట్టిచ్చుకో" అని హెచ్చరించింది. నాకు సుధాకర్ అప్పటికే బాగా నచ్చాడు, ఆ మాట దాచడమెందుకు? ఆ లారీ వెనక్కి తిరిగితే ఇక తిరిగి రాదని నాకు తెలుసు.

అయ్యగారు పుస్తకం తెరిచి, అందరూ ఎక్కడైనా అడిగే ప్రశ్నే అడిగారు. "ఈ వివాహమునకు అభ్యంతరము గలవారెవరైనా ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెను."

వెనక వరసలో కర్ర చప్పుడైంది. దానియేలు తాత లేచాడు.

"నేనొక మాట చెప్పాల."

అయ్యగారు పుస్తకం మీద నుంచి తల ఎత్తారు.

"అభ్యంతరం గాదు అయ్యగారూ. ఈ పొద్దు నా సావు నేనే సూసుకున్నా. నా కోసం ఇంతమంది ఏడుస్తారని నాకు తెలీదు. గట్టు కాడ కొట్లాడి మాట్లాడకుండా ఉండే సామేలు గూడా దండ తెచ్చినాడు. ఇదంతా మా సరోజమ్మ చలవే. నాలిక అతికిచ్చిందీ ఆ పాపే, నిదానంగా కొట్టమనిందీ ఆ పాపే. ఇప్పుడే ఏసోబు చెప్పినాడు. దేవుడు నిన్ను చల్లగా సూడాల పాపా."

ఇంత ప్రేమగా నన్ను ఎవరూ ఎప్పుడూ పట్టివ్వలేదు.

గ్రేసమ్మగారు నిదానంగా లేచింది. "అయితే ఆళ్లగడ్డ మేస్త్రీ?"

నాయన చర్చి పైకప్పు వాసాలు చూస్తున్నాడు. ఇక దాచి లాభం లేదు. ముసుగులో నుంచే, "నేనే అత్తా" అన్నాను. పక్కన సుధాకర్ భుజాలు కదులుతున్నాయి. పాపం ఏడుస్తున్నాడనుకున్నాను. ఓరగా చూస్తే రుమాలు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాడు.

"జిగురుతో ఇనుము అతికిస్తే నిలబడతాదా యాడన్నా?" అని అడిగింది ఆమె.

ఇక్కడ బుద్ధున్న పిల్లయితే తల దించుకుని క్షమించమనేది. నేనూ దించుకుందామనే అనుకున్నాను. కానీ ఆమె అనుమానించింది నన్ను కాదు, నా జిగురును! తల దానంతట అదే లేచింది.

"నిలబడతాది అత్తా. నిదానంగా కొట్టమన్నది ఊరికే జాగ్రత్తకు. ఎట్ల కొట్టినా ఊడదు."

"అట్లయితే కొట్టమను. పెళ్లి గంట నా చెవులారా ఇన్న్యాకే తాళి."

"పాపా, వద్దు" అని నాయన గొణిగాడు. వినలేదు. ముసుగు ఎత్తి, కిటికీ వైపు తిరిగి గొంతెత్తి అరిచాను.

"మామా! కొట్టు! గబగబా కొట్టు! ఎంత బలముంటే అంత బలంతో కొట్టు!"

చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి కదా! ఏసోబు మామ తాడుకు వేలాడాడు. గంట మోగింది చూడండి, ఆహా! అంత గబగబా, అంత ఘనంగా మా ఊళ్లో ఎన్నడూ మోగలేదు. జనం ముఖాలు విచ్చుకున్నాయి. గ్రేసమ్మగారి పెదవులు కూడా కొంచెం సడలాయి. నేను పెళ్లికూతురునన్న సంగతి మరిచిపోయి నడుం మీద చేతులు పెట్టుకుని అందరినీ చూశాను.

అంతలో మోత ఆగిపోయింది. తాడు కిర్రుకిర్రుమనడం మాత్రం వినిపిస్తోంది. చర్చి వెనక, వంటలు చేస్తున్న చోట, ధభీమని చప్పుడు, ఆ వెంటే "అమ్మో!" అని కేక.

కాసేపటికి వంటాయన చర్చి వాకిట్లోకి వచ్చాడు. దేవుని దయ, ఆయనకు దెబ్బ తగల్లేదు. తల నుంచి మోచేతుల దాకా పాయసం మాత్రం కారుతోంది. చేతిలో పెద్ద గరిటె, గరిటెలో గంట నాలిక, దాని మీద సేమియాలు.

"పాయసం గుండిగలో పడింది. ఇది ఎవురిదప్పా?"

గ్రేసమ్మగారు ఆ గరిటెను చూసింది. నన్ను చూసింది. మళ్లీ గరిటెను చూసింది. నేను లారీ ఇంజను చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఆమె పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఆ మహాతల్లి బెంచీ పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ రోజు ఆమె రెండోసారి ఏడవడం అది. కళ్లు తుడుచుకుని అయ్యగారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, పిల్లతో ప్రమాణాలు చేయిస్తారు గదా. ఇంకొకటి చేర్చండి."

"అమ్మా, అట్లా చేర్చేందుకు లేదు. పుస్తకంలో ఉన్నవే..."

"పుస్తకం రాసినోళ్లకు ఇట్లాంటి కోడలు దొరికిండదు. చేరుస్తారా, లారీ తిప్పమంటారా?"

అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. కలిమిలో లేమిలో తోడుండటం, భర్తకు లోబడి ఉండటం అన్నీ అయ్యాక, ఒక్క క్షణం ఆగి, అదే గంభీరమైన గొంతుతో కొనసాగించారు.

"మరియు, విరిగిన యినుమునకైనను, ఇత్తడికైనను, మరి యే లోహమునకైనను జిగురు పూయకుందునని దేవుని యెదుటను, ఈ సంఘము యెదుటను, నీ అత్తగారి యెదుటను ప్రమాణము చేయుచున్నావా?"

"చేయుచున్నాను" అన్నాను. సంఘమంతా "ఆమేన్" అంది. అందరికన్నా గట్టిగా అన్నది మా నాయన.

తాళి పడింది. భోజనాల్లో గ్రేసమ్మగారు పాయసం రెండు గ్లాసులు తాగి, "ఇనుము పడింది గదా, బలమే లే" అంది.

ఆ రోజు నేను చేసిన ప్రమాణాల సంగతి నిజాయితీగా చెప్తాను. భర్తకు లోబడి ఉంటానన్నది నంద్యాల చేరకముందే తప్పాను, లారీలో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్న దగ్గర. జిగురు ప్రమాణం మాత్రం ఈనాటికీ తప్పలేదు. కుక్కరు పిడి ఊడితే గుడ్డతో పట్టుకుని దించుతాను. గేటు గడియ విరిగితే తాడు కడతాను. కాబట్టి మీ ఇంట్లో ఏమి విరిగినా దయచేసి నాకు చూపించకండి, నా చేతులు దురదపెడతాయి. ఇక మీదట కూడా యే లోహమునకును జిగురు పూయనని మళ్లీ ఒకసారి మీ అందరి యెదుటను ప్రమాణము చేయుచున్నాను. తప్పితే దేవుడు క్షమిస్తాడు, సంఘం మరిచిపోతుంది. మూడో సాక్షి అత్తగారు, ఆమె సంగతి మీకు చెప్పాను కదా.